పాత కంప్యూటర్‌లో డ్రైవర్ అప్‌డేట్ చేశాక సౌండ్ పోయింది: ఏం చేయాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. 2009 నాటి డెస్క్‌టాప్, ఎక్స్‌పీ తీసేసి విండోస్ 7 వేసుకున్నారు. స్పీకర్లు మదర్‌బోర్డు మీదున్న సౌండ్‌కే తగిలించారు, బాగానే పనిచేసింది. ఎక్స్‌పీ రోజుల నాటి పీసీఐ సౌండ్ కార్డు (మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చేది) కూడా లోపలే ఉంది గానీ, విండోస్ 7 వేసిన దగ్గర్నుంచి డివైస్ మేనేజర్‌లో దానిమీద పసుపు గుర్తు. ఇంతలో డ్రైవర్లు (విండోస్ ఒక్కో పరికరాన్ని నడపడానికి వాడే చిన్న ప్రోగ్రాములు) తనే వెతికి పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి "మీ ఆడియో డ్రైవర్ 2006 నాటిది" అంటే అప్‌డేట్ నొక్కారు. రీస్టార్ట్ అయ్యాక స్పీకర్ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు. ఇప్పుడు ఇంకా కొత్త డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది, సౌండ్ చిప్ కాలిపోయిందా, ఇవన్నీ మానేసి యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోవాలా అని మీ మూడు ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే: కొత్త డ్రైవర్ కోసం వెతకొద్దు, ఉన్నదాన్ని వెనక్కి తిప్పండి. చిప్ కాలి ఉండదు. డ్రైవర్ మారిన రీస్టార్ట్‌లోనే సౌండ్ పోయిందంటే నూటికి తొంభై పాళ్లు అది డ్రైవర్ చలవే. పాత మెషీన్‌కి కావాల్సింది ఆ చిప్‌కీ మీ విండోస్‌కీ రెండింటికీ పొసగేలా తయారైన డ్రైవర్లలో చివరిది. అది పదిహేనేళ్ల కిందటిదైనా సరే, అదే సరైనది.

ముందు సౌండ్ వెనక్కి తెచ్చుకుందాం, మిగతా కబుర్లు తర్వాత.

కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్, అందులో డివైస్ మేనేజర్ తెరవండి. సౌండ్ విభాగంలో మదర్‌బోర్డు ఆడియో పేరు మీద డబుల్ క్లిక్ చేసి డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్తే "రోల్ బ్యాక్ డ్రైవర్" అనే బటన్ ఉంటుంది. నొక్కండి, రీస్టార్ట్ చేయండి. చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది.

ఆ బటన్ మసకగా ఉండి నొక్కుడు పడకపోతే, పాత డ్రైవర్ ప్రతి విండోస్ దగ్గర లేదన్నమాట. అప్పుడు అదే ట్యాబ్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, ఆన్‌లైన్‌లో వెతకమనకుండా "బ్రౌజ్ మై కంప్యూటర్" ఎంచుకోండి. దాని కింద, జాబితాలోంచి నేనే ఎంచుకుంటాను అనే అర్థం వచ్చే "లెట్ మీ పిక్" ఉంటుంది. అందులో "హై డెఫినిషన్ ఆడియో డివైస్" అని కనబడుతుంది. ఇది మైక్రోసాఫ్ట్ వాళ్ల సాధారణ డ్రైవర్. ఇది సరిపడకపోవచ్చు అని విండోస్ ఒక హెచ్చరిక చూపిస్తుంది, అయినా ఎస్ అనండి. తయారీదారు ఇచ్చే కంట్రోల్ ప్యానెల్, ఈక్వలైజర్ లాంటి హంగులు ఉండవు గానీ పాట వినిపిస్తుంది. విండోస్ 10కి మారాక సౌండ్ పోయిన పాత ల్యాప్‌టాప్‌లకు కూడా నేను ముందు ప్రయత్నించేది ఇదే.

ఇదీ కాకపోతే సిస్టమ్ రిస్టోర్. డ్రైవర్ మార్చేముందు ఆ సాఫ్ట్‌వేరో విండోసో ఒక రిస్టోర్ పాయింట్ పెట్టి ఉండే అవకాశం ఉంది. అప్‌డేట్ చేసిన రోజుకి ముందు తేదీ ఎంచుకోండి. మీ ఫైళ్లు పోవు, ఆ తర్వాత ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

ఇక ఆ 2006 సంగతి. ఆ సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని భయపెట్టింది ఈ తేదీతోనే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డ్రైవర్లలో చాలావాటికి డివైస్ మేనేజర్‌లో కనిపించే తేదీ 21 జూన్ 2006. విండోస్ 7లోనూ అదే, విండోస్ 10లోనూ అదే. పొరపాటున అలా ఉండిపోలేదు, కావాలనే పెట్టారు. ఒకే డివైస్‌కి సమానంగా సరిపోయే డ్రైవర్లు రెండు ఉంటే విండోస్ తేదీ చూసి కొత్తదాన్ని ఎంచుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సాధారణ డ్రైవర్‌కి ప్రతి అప్‌డేట్‌లోనూ తాజా తేదీ పడితే, తయారీదారు ప్రత్యేకంగా రాసిచ్చిన డ్రైవర్‌ని అది పక్కకి తోసేస్తుంది. అందుకని తమదాని తేదీ పాతదిగా ఉంచేశారు. లోపలి ఫైలు ఎప్పటిదో తెలుసుకోవాలంటే తేదీ కింద ఉండే వెర్షన్ నంబరు చూడాలి. ఈ ముక్క తెలియకో, తెలిసీ తెలియనట్టో, అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు 2006 కనబడగానే ఎర్ర అక్షరాలతో గోల పెడతాయి. బాగున్న సౌండ్‌ని బాగుచేయబోయి చెడగొట్టుకున్న మెషీన్లు నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావాటి కథ ఇదే. ఆ సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఇవాళే తీసేయండి. డ్రైవర్లు పెట్టడం తెలిసినవాళ్లకి దాని అవసరం లేదు, తెలియనివాళ్లకి దానివల్ల ప్రమాదం.

ఇప్పుడు పసుపు గుర్తు పడ్డ పీసీఐ కార్డు. దీనికి డ్రైవర్ వెతకాలంటే పెట్టె మీద పేరు చాలదు. ఒకే పేరుతో వేర్వేరు చిప్‌లున్న కార్డులు అమ్మారు, ఒకే చిప్ వేర్వేరు పేర్లతోనూ అమ్మారు. నమ్మాల్సింది హార్డ్‌వేర్ ఐడీ ఒక్కటే. డివైస్ మేనేజర్‌లో ఆ పసుపు గుర్తు మీద డబుల్ క్లిక్, డీటెయిల్స్ ట్యాబ్, పైన జాబితాలో "హార్డ్‌వేర్ ఐడీస్" ఎంచుకోండి. పొడుగాటి లైన్లు కొన్ని వస్తాయి. మొదటి లైనులో వెన్ తర్వాత నాలుగు అక్షరాలు, డెవ్ తర్వాత నాలుగు అక్షరాలు ఉంటాయి. వెన్ అంటే చిప్ తయారీదారు, డెవ్ అంటే ఏ చిప్ అని.

ఉదాహరణకి వెన్ దగ్గర 1102 ఉంటే క్రియేటివ్. దాని పక్కన డెవ్ దగ్గర 0002 ఉంటే సౌండ్ బ్లాస్టర్ లైవ్, 0004 ఉంటే ఆడిజీ, 0005 ఉంటే ఎక్స్-ఫై. 13ఎఫ్6 సీ-మీడియాది, 1106 వయాది, 11డీ4 అనలాగ్ డివైసెస్‌ది. 10ఈసీ రియల్‌టెక్‌ది. మదర్‌బోర్డు సౌండ్ అయితే రియల్‌టెక్ పని సులువు, డెవ్ నంబరే చిప్ పేరు: 0662 అంటే ఏఎల్‌సీ662, 0888 అంటే ఏఎల్‌సీ888.

అదే లైనులో సబ్‌సిస్ అని ఎనిమిది అక్షరాలు ఉంటాయి. వాటిని చాలామంది పట్టించుకోరు, చిక్కు అక్కడే వస్తుంది. చిప్ ఒకటే అయినా దాన్ని కొని కార్డో బోర్డో తయారుచేసిన సంస్థ ఏదో ఆ ఎనిమిదిలో నాలుగు చెప్తాయి: పీసీఐ కార్డుకైతే చివరి నాలుగూ, మదర్‌బోర్డు హెచ్‌డీ ఆడియోకైతే మొదటి నాలుగూ. ఏ జాక్‌ని చిప్‌లో ఏ కాలుకి కలిపారో బోర్డుకీ బోర్డుకీ తేడా ఉంటుంది. ఇంకో బోర్డు కోసం సర్దిన డ్రైవర్ పెడితే ఇన్‌స్టాల్ అయినట్టే కనబడుతుంది, ముందు జాక్‌లో శబ్దం రాదు, లేకపోతే మైకు పనిచేయదు. అందుకే కంపెనీ బ్రాండ్ కంప్యూటర్ అయితే చిప్ తయారీదారు సైటుకన్నా ఆ కంప్యూటర్ మోడల్ సపోర్ట్ పేజీలో ఉన్న డ్రైవర్‌కే నా ఓటు, వెర్షన్ పాతదైనా.

ఇంకా పాత మెషీన్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. 2004లో హెచ్‌డీ ఆడియో అనే ప్రమాణం రాకముందు మదర్‌బోర్డుల్లో ఉండేది ఇంటెల్ 1997లో తెచ్చిన ఏసీ97. అందులో కంట్రోలర్ మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో (బోర్డు ప్రధాన చిప్‌లలో) ఉంటుంది, డేటాని శబ్దంగా మార్చే కోడెక్ వేరే చిన్న చిప్. హార్డ్‌వేర్ ఐడీలో 8086 అని ఇంటెల్ నంబరు చూసి "ఇంటెల్ ఆడియో డ్రైవర్" కోసం గంటలు గంటలు వెతుకుతారు. కావాల్సింది కోడెక్ తయారీదారు డ్రైవర్. కేసు తెరిచి, వెనక ఆడియో జాక్‌ల దగ్గర్లో ఉన్న చిన్న చదరపు చిప్ మీద టార్చి వేసి చూస్తే పేరు ఉంటుంది. ఇక హెచ్‌డీ ఆడియో ఉన్న బోర్డు మీద ఎక్స్‌పీయే నడుపుతుంటే, ముందు మైక్రోసాఫ్ట్ యూఏఏ బస్ డ్రైవర్ ఉండాలి. కేబీ888111 అనే ప్యాచ్ అదే. అది లేనిదే ఏ రియల్‌టెక్ డ్రైవర్ పెట్టినా ఎక్కదు. చాలా రియల్‌టెక్ ప్యాకేజీల్లో అది కలిపే వస్తుంది.

మీ పసుపు గుర్తు దగ్గర ఒక కోడ్ కూడా ఉంటుంది, జనరల్ ట్యాబ్‌లో. 28 అంటే డ్రైవరే లేదు, మీది ఇదే అయ్యుంటుంది. 10 అంటే డ్రైవర్ ఉంది గానీ డివైస్ మొదలవడం లేదు, చాలావరకు తప్పు డ్రైవర్, కొన్నిసార్లు కార్డు స్లాట్‌లో సరిగా కూర్చోలేదు. 39 అంటే డ్రైవర్ ఫైలు పాడైంది లేదా కనబడటం లేదు.

52 గురించి మాత్రం కొంచెం చెప్పాలి. డ్రైవర్ మీదుండే డిజిటల్ సంతకం (ఇది అసలైనదే అని చెప్పే ముద్ర) విండోస్‌కి నమ్మకం కలిగించలేదని దానర్థం. 64 బిట్ విండోస్‌లో సంతకం లేని డ్రైవర్‌ని విస్టా కాలం నుంచీ రానివ్వరు. అయితే విండోస్ 7లో ఇంకో మెలిక ఉంది. తర్వాతి రోజుల్లో వచ్చిన డ్రైవర్ల సంతకాలు ఎస్‌హెచ్‌ఏ-2 పద్ధతిలో ఉంటాయి. డ్రైవర్ల విషయంలో ఆ పద్ధతిని విండోస్ 7కి నేర్పింది 2015 మార్చిలో వచ్చిన కేబీ3033929 అప్‌డేట్. పాత డిస్క్‌తో విండోస్ 7 వేసి, అప్‌డేట్లు ఏవీ చేయకుండా వాడుతున్న మెషీన్‌లో కొత్త డ్రైవర్ పెడితే, అది సక్రమమైన డ్రైవరే అయినా 52 వస్తుంది. ఆ అప్‌డేట్ వేస్తే పోతుంది. దీనికోసం బూట్‌లో ఎఫ్8 కొట్టి సంతకం తనిఖీ ఆపేసే చిట్కా నెట్‌లో కనబడుతుంది. ఒకసారి పరీక్షించి చూడ్డానికి సరే, అలాగే వదిలేయడం మంచిది కాదు.

32 బిట్టా, 64 బిట్టా అన్నది ముందే చూసుకోండి. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ డ్రైవర్ పనిచేయదు, ఎన్ని తిప్పలు పడ్డా అంతే. మీ కార్డుకి విండోస్ 7 డ్రైవర్ లేకపోతే విస్టా డ్రైవర్ ప్రయత్నించండి, రెండింటిలో ఆడియో వ్యవస్థ ఒకటే కాబట్టి చాలావరకు పనిచేస్తుంది. ఇన్‌స్టాలర్ "ఈ విండోస్‌కి కాదు" అని మొండికేస్తే ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీని విస్టాకి మార్చి నడపండి. ఎక్స్‌పీ డ్రైవర్‌ని మాత్రం నమ్ముకోవద్దు. 2007లో విస్టాతో మైక్రోసాఫ్ట్ ఆడియో వ్యవస్థను మళ్లీ మొదటినుంచీ రాసింది. పాత గేముల్లో ఈఏఎక్స్ (క్రియేటివ్ వాళ్ల సౌండ్ ఎఫెక్టులు) ప్రతిధ్వనులు, వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుళ్లు విస్టా తర్వాత మాయమైంది అందుకే. కార్డు ద్వారా నడిచే డైరెక్ట్‌సౌండ్ 3డీ దారిని అప్పుడే మూసేశారు. దానికి డ్రైవర్ మార్చి లాభం లేదు. క్రియేటివ్ వాళ్ల ఆల్కెమీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ గేము ఫోల్డర్‌లో పెడితే చాలా గేముల్లో అది తిరిగొస్తుంది. సౌండ్ బ్లాస్టర్ లైవ్, ఆడిజీ కార్డులకి కేఎక్స్ ప్రాజెక్ట్ అని ఔత్సాహికులు రాసిన డ్రైవర్ కూడా ఉంది. రికార్డింగ్ చేసేవాళ్లకి బాగుంటుంది, గేములకి అంతగా కాదు.

డ్రైవర్ పెట్టే వరస: పాత ఆడియో సాఫ్ట్‌వేర్‌ని ప్రోగ్రామ్స్ జాబితాలోంచి తీసేయండి. డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిలీట్ ద డ్రైవర్ సాఫ్ట్‌వేర్" దగ్గర టిక్ పెట్టండి, లేకపోతే రీస్టార్ట్‌లో విండోస్ ఆ చెడ్డ డ్రైవర్‌నే మళ్లీ తెచ్చి కూర్చోబెడుతుంది. తర్వాత నెట్ కేబుల్ పీకేసి రీస్టార్ట్ చేయండి, మీరు పెట్టేలోపు విండోస్ అప్‌డేట్ తన డ్రైవర్ తోసేయకుండా. కొత్తగా వేసిన విండోస్ అయితే ముందు చిప్‌సెట్ డ్రైవర్, తర్వాతే సౌండ్. డ్రైవర్ ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. విండోస్ 7కి 2020 జనవరి 14 నుంచి సపోర్ట్ లేదు, దాన్ని నెట్‌లో తిప్పి తెలియని సైట్లలో ఫైళ్లు దించడం అనవసరమైన సాహసం. పనిచేసిన డ్రైవర్ దొరికాక ఆ ఫైలు జాగ్రత్తగా దాచుకోండి, పాత డ్రైవర్ల పేజీలు ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం.

చిప్ కాలిపోయిందా అన్న మీ రెండో ప్రశ్నకి ఊహలతో పనిలేదు, పరీక్ష ఉంది. లైవ్ లినక్స్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే, విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, హార్డ్‌డిస్క్ జోలికి పోదు. పాత సౌండ్ కార్డుల డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లోనే ఉంటాయి, సౌండ్ బ్లాస్టర్ లైవ్‌తో సహా. అందులో పాట వినబడితే కార్డు, జాక్, స్పీకర్, వైరు అన్నీ బాగున్నట్టే, దోషం విండోస్‌లో ఉంది. వినబడకపోతే వెంటనే కార్డుని చెత్తబుట్టలో వేయకండి. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అని కొడితే నిలువు గీతలు వస్తాయి. వాటి కింద రెండు ఎంలు కనిపిస్తే ఆ ఛానెల్ మ్యూట్‌లో ఉంది, దానిమీద ఉండగా కీబోర్డు మీద ఎం నొక్కితే తెరుచుకుంటుంది.

సౌండ్ కార్డు పోయింది, వేరేది వేయండి అంటూ ఒకాయన మెషీన్ తెచ్చారు. లినక్స్‌లో పాట హాయిగా పాడింది. విండోస్‌లోకి వచ్చి చూస్తే, అంతకుముందే గ్రాఫిక్స్ డ్రైవర్ పెట్టుకున్నారట. దానితోపాటు హెచ్‌డీఎంఐ ఆడియో డ్రైవర్ వచ్చి అదే డిఫాల్ట్ అయి కూర్చుంది. శబ్దమంతా స్పీకర్లే లేని మానిటర్‌కి పోతోంది. ప్లేబ్యాక్ డివైసెస్‌లో స్పీకర్స్ మీద రైట్ క్లిక్ చేసి డిఫాల్ట్‌గా పెడితే అయిపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లారు పాపం. ఇంటూ గుర్తు లేకుండా, వాల్యూమ్ పచ్చ గీతలు ఆడుతూ శబ్దం రాకపోతే మొట్టమొదట చూడాల్సింది ఇదే.

డ్రైవర్ మీద నింద పడే ఇంకో కేసు ఎక్స్‌పీలో గరగర శబ్దం. పాట మధ్యలో తెగి తెగి వస్తుంది, మౌస్ కూడా నత్తనడక. ఓనర్ అప్పటికే దొరికిన డ్రైవరల్లా వేసి చూసుంటాడు. నేను డివైస్ మేనేజర్‌లో సౌండ్ వదిలేసి హార్డ్‌డిస్క్‌ని నడిపే ఐడీఈ కంట్రోలర్ తెరుస్తాను, ప్రైమరీ ఛానెల్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్. కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర "అల్ట్రా డీఎంఏ" ఉండాల్సింది "పీఐఓ" అని ఉంటుంది. డిస్క్ చదివేటప్పుడు టైమౌట్లు, సీఆర్‌సీ తప్పులు (డేటా తేడాగా రావడం) ఆరు పోగయ్యేసరికి ఎక్స్‌పీ ఒక్కో మెట్టూ దిగి చివరికి పీఐఓలో పడుతుంది, తనంతట తాను మళ్లీ పైకి ఎక్కదు. అప్పుడు డిస్క్ నుంచి వచ్చే ప్రతి ముక్కనీ ప్రాసెసరే మోయాలి, సౌండ్‌కి టైము మిగలదు. ఆ ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే డీఎంఏ తిరిగొస్తుంది, పాట సాఫీ అవుతుంది. కొన్నాళ్లకి మళ్లీ పీఐఓలోకి జారితే కేబుల్ మార్చండి, అంతకన్నా ముందు డేటా బ్యాకప్ తీసుకోండి. డిస్క్ చివరి రోజుల్లో ఉండొచ్చు.

సౌండ్ ఒకరోజు ఉండి ఒకరోజు పోతుంటే, టాస్క్‌బార్‌లో తేదీ కూడా తప్పుగా ఉందేమో చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే, ప్లగ్ తీసిన ప్రతిసారీ బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాము) సెట్టింగులు మొదటికొస్తాయి. కొన్ని బోర్డుల్లో ఆన్‌బోర్డ్ ఆడియో "ఆటో"కి పోతుంది. స్లాట్‌లో వేరే సౌండ్ కార్డు కనబడితే మదర్‌బోర్డు సౌండ్‌ని ఆపేయడం ఆ ఆటో పని. మీ మెషీన్‌లో రెండూ ఉన్నాయి కాబట్టి మీరు ఇది తప్పక చూడాలి. బయోస్‌లో ఆన్‌బోర్డ్ ఆడియో "ఎనేబుల్డ్" అని ఖాయంగా పెట్టండి. అక్కడే ఫ్రంట్ ప్యానెల్ ఏసీ97నా, హెచ్‌డీనా అనే సెట్టింగ్ కూడా ఉండొచ్చు. ముందు జాక్‌లో మాత్రమే శబ్దం రాకపోతే అది మార్చి చూడండి.

కోడ్ 10 వచ్చిన కార్డుని మెయిన్ ప్లగ్ పీకి, కేసు లోహాన్ని ఒకసారి ముట్టుకుని, బయటికి తీసి, బంగారు రంగు పళ్లని మెత్తటి రబ్బరుతో తేలిగ్గా తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. కార్డు మీద డబ్బా ఆకారపు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే మాత్రం ఏ డ్రైవరూ దాన్ని బాగుచేయలేదు.

యూఎస్‌బీ సౌండ్ కార్డు: రోల్ బ్యాక్‌తో మదర్‌బోర్డు సౌండ్ వచ్చేస్తే అక్కర్లేదు. రాకపోతే నిరభ్యంతరంగా తీసుకోండి, మామూలు వినడానికి పాత పీసీఐ కార్డుతో కుస్తీ పట్టేకన్నా నయం. కొనేటప్పుడు యూఎస్‌బీ ఆడియో క్లాస్ 1 అని, లేదా విండోస్ 7లో డ్రైవర్ లేకుండా పనిచేస్తుందని రాసుందో లేదో చూడండి. క్లాస్ 2 డివైస్‌లకి విండోస్‌లో సొంత డ్రైవర్ వచ్చింది విండోస్ 10లో, అదీ 1703 వెర్షన్ నుంచి. విండోస్ 7లో అలాంటిది పెడితే మళ్లీ తయారీదారు డ్రైవర్ వేటలో పడతారు. హబ్‌లో కాకుండా నేరుగా వెనక పోర్ట్‌లో గుచ్చండి. అచ్చమైన డాస్‌లోకి బూట్ చేసి పాత గేములు ఆడాలనుకుంటే యూఎస్‌బీ కార్డు కొరగాదు. ఆ గేములు 220 పోర్ట్ దగ్గర సౌండ్ బ్లాస్టర్ కోసమే వెతుక్కుంటాయి.

ముందు రోల్ బ్యాక్ చేసి చూడండి. పని కాకపోతే పీసీఐ కార్డు హార్డ్‌వేర్ ఐడీ మొదటి లైను సబ్‌సిస్‌తో సహా, రెండు డివైస్‌ల దగ్గరా కనిపించే కోడ్ నంబర్లు, మీ విండోస్ 32 బిట్టా 64 బిట్టా అన్నది ఇక్కడే రాయండి. ఏ డ్రైవర్ వెతకాలో చెప్తాను.